మోకు లేని గౌడన్న, గుంట లేని మగ్గం: గోడల మీద కులవృత్తుల బొమ్మలు వేయిస్తున్న అధికారులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, జనగామ, సిద్దిపేట, కరీంనగర్, రాజన్న సిరిసిల్ల జిల్లాల కలెక్టర్లకు, మున్సిపల్ కమిషనర్లకు, సాంస్కృతిక, పర్యాటక శాఖల అధికారులకు, మ్యూజియంల బాధ్యులకు నమస్కారం.

వంతెనల కింద, బస్టాండ్ల ప్రహరీల మీద, ఆఫీసుల మెట్ల పక్కన కులవృత్తుల బొమ్మలు కనబడుతున్నాయి. ఎర్రటి నేల, పెద్ద కళ్లు, పసుపు ముఖాలు, కింద ‘చేర్యాల శైలి’ అన్న మాట, అంటే చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసే కథల పటాల తీరు. వేయించడం మంచిదే. కానీ వాటిలో చాలావాటిలో మనిషి ఉన్నాడు గానీ పని లేదు. కల్లు గీయడానికి చెట్టెక్కే గౌడన్నకు మోకు, అంటే ఎక్కే తాడు, ఉండదు. నేతగాడు మగ్గం ముందు బాసిపట్లు వేసుకుని కూర్చుంటాడు. డప్పుకు గజ్జెలు వేలాడుతుంటాయి. మేం అడిగేది ఒక్కటే. వృత్తి బొమ్మకు రంగు పడకముందే దాని చిత్తుగీతను ఆ వృత్తి చేసేవాళ్లకు చూపాలి, వాళ్లు సరేనన్నాకే ముందుకు పోవాలి. ఈ షరతు మీరిచ్చే వర్క్ ఆర్డర్‌లోనే ఉండాలి. ఎందుకో, ఎక్కడెక్కడ తప్పులు పడుతున్నాయో కింద రాస్తున్నాం.

కల్లు గీత పనితో మొదలుపెడతాం, ఎక్కువ తప్పులు అక్కడే. ముందు ఏ చెట్టో తేల్చుకోవాలి. తాటిచెట్టుకు కల్లు గెలల నుంచి దిగుతుంది. గెల కొసను పలచగా చెక్కుతూ దానికి లొట్టి (కల్లు కుండ) తగిలిస్తారు. అంటే లొట్లు మట్టల నడుమ, చెట్టు తలలోనే కనబడాలి. ఈతచెట్టుకు అలా కాదు. మొవ్వు (చెట్టు తలలోని లేత భాగం) కింద మాను మీదే గీత పెడతారు, లొట్టి ఆ గీత కింద మానుకు ఆనుకుని ఉంటుంది. గీసే పక్క మారుస్తూ పోతారు కాబట్టి ఏళ్ల తరబడి గీసిన ఈతమాను మెట్లు మెట్లుగా, అటూ ఇటూ వంకలు తిరిగి ఉంటుంది. మన గోడల మీది చెట్టుకేమో పైన తాటి మట్టలు, కింద ఈతమాను, మధ్యలో కొబ్బరికాయల్లా వేలాడే కుండలు. అటువంటి చెట్టు ఏ ఊళ్లోనూ లేదు.

ఇక మోకు. అది చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టుకుని ఉంటుంది. మనిషి వెనక్కి వాలితే బరువంతా మోకు మీద పడుతుంది, పాదాలు మానును తంతాయి. అందుకని బొమ్మలో నడుము చెట్టుకు ఎడంగా, పాదాలు చెట్టుకు ఆనించి ఉండాలి. పాదాలకు గుజి అనే తాడు ఉంగరం, నడుముకు ముత్తాదు అనే పట్టీ, అందులో కత్తులు. రెండు చేతులతో చెట్టును కౌగిలించుకున్న గౌడన్నను గీస్తే అది పడిపోబోతున్న మనిషి బొమ్మ అవుతుంది. చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా గెల చెక్కేది! ఇప్పటి గీతకారుణ్ని గీయాలనుకుంటే 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కిట్టుతో గీయండి. పాతకాలం వాణ్ని గీయాలనుకుంటే మోకుతో గీయండి. రెండూ లేకుండా మాత్రం వద్దు.

మగ్గం దగ్గర తప్పులు చూడగానే తెలియవు, నేసేవాళ్లకే తెలుస్తాయి. గుంట మగ్గంలో మనిషి గుంట అంచున కూర్చుంటాడు, కాళ్లు గుంటలోకి దిగుతాయి. పాదాలు తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. ఒకటి తొక్కితే పడుగు, అంటే నిలువు పోగుల్లో కొన్ని పైకి, కొన్ని కిందికి విడి, అడ్డపోగును మోసే నాడెకు దారి ఇస్తాయి. పేక (అడ్డపోగు) పడగానే పన్నె అనే దువ్వెనలాంటి పలకతో దగ్గరికి కొడతారు. నేసిన బట్ట నేతగాడి ఒడివైపు చుట్టుకుంటుంది, నేయాల్సిన పడుగు ఎదురుగా సాగి ఉంటుంది. గోడ మీద చాలాచోట్ల ఇది తిరగబడింది: పూలంచు చీర అవతలి కొసన వేలాడుతుంటే నేతగాడి ఒడిలో ఉత్త పోగులున్నాయి. నాడెను చేత్తో విసిరే మగ్గమా, తాడు లాగితే పరుగెత్తే మగ్గమా అన్నదాన్ని బట్టి చేతులు కూడా మారతాయి. రెండోదాంట్లో ఒక చెయ్యి తాడు పిడి మీద, ఇంకో చెయ్యి పన్నె బిగించిన చట్రం మీద ఉంటుంది.

ఊరును బట్టి కూడా మారాలి. వరంగల్ కొత్తవాడలో నేసేది జంపఖానాలు. 2018లో వాటికి ఆ ప్రాంతపు సరుకన్న జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. 1851లో లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. కొత్తవాడ గోడ మీద పట్టుచీర మగ్గం గీయడం ఆ వాడకే అన్యాయం. జంపఖానాది ముతక నూలు, వెడల్పాటి మగ్గం. పెద్ద జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పేకను దువ్వెన పళ్లలాంటి ఇనుప పంజాతో దిగ్గొట్టే నేత కూడా ఉంది. సిరిసిల్లకు వస్తే అక్కడ బతుకు మరమగ్గం మీద. అక్కడ గుంట మగ్గం గీస్తే అది తాతల నాటిదని తేదీ వేయాలి, లేకపోతే మరమగ్గమే గీయాలి. మరమగ్గం అందంగా ఉండదని ఎవరన్నారు?

ఇంకొకటి. నేత ఇంట్లో సగం పని ఆడవాళ్లది. రాట్నం మీద కండెలు చుట్టడం, ఆసు పోయడం (పోగును మేకుల మధ్య అటూ ఇటూ తిప్పి చుట్టడం), పడుగుకు గంజి పట్టించి దువ్వేటప్పుడు సాయపడటం. పోగులకు ముడులు వేసి రంగద్దే చిటికి, పుట్టపాక రకాల నేతలో ఆసు పోయడానికి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేసింది తల్లి పడిన ఆ కష్టం చూసే, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన గోడల మీది ఆడమనిషి మాత్రం ఎప్పుడూ నెత్తిన కుండ పెట్టుకుని నిలబడే ఉంటుంది, ఏ కులమైనా అదే కుండ.

కుమ్మరి సారె నేలకు దగ్గరగా ఉంటుంది. కుమ్మరి గొంతుక్కూర్చుని కర్రతో దాన్ని తిప్పి, వేగం అందుకున్నాక కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ మట్టి మీద వేస్తాడు. సారె తిరుగుతుండగా కర్ర, కుండ రెండూ చేతుల్లో ఉండవు. బల్ల ఎత్తున సారె పెట్టి కుర్చీలో కుమ్మరిని కూర్చోబెట్టడం ఇంటర్నెట్‌లో దొరికిన విదేశీ ఫొటో చూసి గీసిన పని. పెద్ద కుండ సారె మీద పూర్తి కాదన్నది కూడా చాలామందికి తెలియదు. సారె మీది నుంచి మందంగా దిగినదాన్ని కాస్త ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి బయట చెక్క సలపతో కొట్టి కొట్టి అడుగు గుండ్రంగా తెస్తారు. ఆ సలప లేని కుమ్మరి బొమ్మ సగం బొమ్మే.

మాదిగ పని గీసేటప్పుడు చెప్పు కుట్టే బొమ్మ ఒక్కటి గీసి వదిలేస్తున్నారు. అంతకు ముందు తోలు తయారు కావాలి. సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుక తీయడం, తర్వాత తంగేడు చెక్క రసంతో లందలో, అంటే తోలు నానేసే గుంటలో, ఊరబెట్టడం. రోజుల తరబడి సాగే ఆ పని తెలివిని గోడ మీద ఎక్కడా చూడం. కుట్టేటప్పుడు చేతిలో తోలుకు రంధ్రం పొడిచే ఆరె, పక్కన తోలు కోసే రంపె ఉండాలి. సూది కాదు, కత్తెర కాదు. డప్పు గుండ్రటి కొయ్య చట్రానికి బిగించిన తోలు. భుజాన తగిలించుకుని ఒక చేత్తో లావు చిర్ర (కర్ర), ఇంకో చేత్తో సన్నటి చిటికెన పుల్ల పట్టి వాయిస్తారు. తోలు వదులైతే మంట దగ్గర కాస్తారు. గజ్జెలు కట్టిన కంజిర వేరే వాయిద్యం.

మిగతావి త్వరగా చెబుతాం. మంగలి పొదిలో (పనిముట్ల సంచిలో) కత్తి, అద్దం, సాన ఉండాలి. పెళ్లిలో డోలు, సన్నాయి కూడా ఆయనవే. చాకలి పనిలో బండ మీద ఉతకడమే గీస్తున్నారు. చౌడు నీళ్లలో తడిపిన బట్టల్ని బాన మీద ఉబ్బబెట్టడం, నల్లజీడి గింజ రసంతో ఇంటింటి బట్టకూ గుర్తు వేయడం కూడా గీయండి. కమ్మరి కొలిమికి గాలి ఊదే తిత్తి తప్పనిసరి, అది లేకుండా నిప్పు దానంతటది రాజుకోదు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు దాన్ని ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తారు, పట్టా చల్లబడి ముడుచుకుని కొయ్యను బిగిస్తుంది. ఇంత మంచి దృశ్యం ఉండగా ఎవరూ గీయరు. గొల్ల కురుమలకు నల్ల గొంగడి వేయండి, రంగురంగుల శాలువా కాదు. ఆ గొంగడికి గంజి పట్టించేది చింతగింజలతో. చేర్యాల పటం గుడ్డకు పట్టించేది కూడా అదే చింతగింజల అంబలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఒంటరి మనిషి, చేతిలో పనిముట్టు, వెనక ఖాళీ, కింద కులం పేరు అన్న అచ్చు మన పటాలది కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దంలో కొనుక్కున్న ఆల్బమ్‌లది. కలకత్తాలో సోల్విన్స్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడు 1790ల్లోనే ఇక్కడి మనుషుల వేషాలు, ఆచారాల మీద 250 రంగు ముద్రణ చిత్రాల సంపుటి తెచ్చాడు. పట్నా, ముర్షిదాబాద్, తంజావూరు, తిరుచిరాపల్లి చిత్రకారులు కాగితం మీదా, పలచటి అభ్రకం రేకుల మీదా ఇలాంటి సెట్లు వేసి అమ్మారు. 1825లో ఇప్పటి హర్యానాలోని హాన్సీలో కంపెనీ సైన్యాధికారి జేమ్స్ స్కిన్నర్ కులాల మీద పారసీలో ‘తష్రీహుల్ అఖ్వామ్’ అనే బొమ్మల గ్రంథం తయారు చేయించాడు. 1837లో మధురైలో తయారైన 72 కులాల బొమ్మల పుస్తకం ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది.

వాటిని తీసిపారేయాలని మేం అనం. ఒక్క పనిముట్టు ఎలా ఉండేదో చూడాలంటే కొన్నిసార్లు మన పటాల కంటే అవే నయం. కొనేవాడికి దేశం కొత్త కాబట్టి చిత్రకారుడు ఏ సామానునూ ఊహకు వదల్లేదు. తంజావూరు సెట్లలో భార్యాభర్తలు జంటగా నిలబడతారు, చాలావాటిలో ఆమె చేతిలోనూ పనికి సంబంధించిన వస్తువే ఉంటుంది. ఇప్పటి గోడల మీద ఆపాటి న్యాయం కూడా లేదు. అయితే ఆ ఆల్బమ్ కులాన్ని పురుగుల పెట్టెలో నమూనాలా గుచ్చి పెట్టింది. ఎవరి బొమ్మో వాళ్ల కోసం వేసింది కాదది.

మన పటం నడిచిన తీరు వేరు. ఒక్కో కులానికి పటం విప్పి ఆ కులం కథ చెప్పే కథకులు వేరే ఉంటారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు, మంగళ్లకు అద్దపువాళ్లు, చాకళ్లకు మడేలు పురాణం చెప్పే పటమోళ్లు. గొల్లలకు మందెచ్చులు పటం బదులు కొయ్యబొమ్మలు నిలబెట్టి కథ చెబుతారు. చేర్యాల నకాషీలు పటం గీసేది ఈ కథకులు చెప్పినట్టు, చూసేది ఆ కులంవాళ్లు. పటం ముందు కూర్చున్నవాళ్లే పటంలో ఉన్నవాళ్లు. తప్పు గీస్తే ఆ రాత్రే అడుగుతారు. మేం అడుగుతున్న చిత్తుగీత షరతు కొత్తదేమీ కాదు, పటం ఇన్నేళ్లూ ఆ తనిఖీ మీదే నడిచింది.

కాబట్టి ‘చేర్యాల శైలి’ అని రాసేటప్పుడు పెద్ద కళ్లు, ఎర్ర నేల తీసుకుని వదిలేయకండి. పటం గళ్లు గళ్లుగా, పూల అంచులతో విడదీసి, పై నుంచి కిందికి కథ నడిపిస్తుంది. మూడడుగుల వెడల్పు, 30 నుంచి 60 అడుగుల పొడవు. మీ గోడ మీద కుమ్మరిని ఒక్కణ్ని నిలబెట్టే బదులు అదే జాగాలో మట్టి తవ్వడం, తొక్కి పదును చేయడం, సారె, సలప, కుండలు కాల్చే వాము అని ఐదు గళ్లు పెట్టండి. మనిషిని కాక పనిని చూపినట్టవుతుంది, ఆడవాళ్లకూ వాళ్ల చోటు వాళ్లకు దొరుకుతుంది. రంగుల సంగతి కూడా చూడండి. పటంలో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, మనుషులకు ఒంటి రంగు వాడటం వాడుక. అందరికీ పసుపు ముఖం వేస్తే ఆ తేడా మాయమవుతుంది.

చిత్తుగీత దశలోనే ఎందుకు చూపాలంటే, చేర్యాల పనిలో వరస అలాంటిది. ముందు సన్నటి గీత, తర్వాత నేలకు ఎరుపు, ఆపైన ఒంటి రంగు, బట్టలు, నగలు, చివర్లో నల్ల గీత. ఎర్ర నేల పడ్డాక మోకు జరపాలంటే ఆ చుట్టుపక్కలంతా మళ్లీ ఎరుపు పూయాలి, ఆ అతుకు ఎండలో వేరే రంగుగా తేలుతుంది. నల్ల గీత కూడా పడిందా, ఇక వదిలేయాల్సిందే.

గుడ్డ మీద పటం కొనేటప్పుడు, మ్యూజియంకు తీసుకునేటప్పుడు నేల, అంటే రంగుల కింది అడుగు పూత, ఎలా కట్టారో చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత మూడుసార్లు వేస్తారు, ప్రతి పూతా పూర్తిగా ఆరాకే తర్వాతది. మట్టి ఎక్కువైతే చుట్టినప్పుడు పగుళ్లు పడి రంగు రాలుతుంది. బంక ఎక్కువైతే గుడ్డ బిరుసెక్కి అంచులు లేస్తాయి. పూత పలచనైతే రంగు గుడ్డలోకి దిగి గీత చెదురుతుంది. కొనేముందు ఒక మూలను చేతి మీద మెల్లగా వంచి చూస్తే ఈ మూడూ తెలిసిపోతాయి. పాత రంగులు దీపపు మసి, నీలిమందు, ఇంగిలీకం, గవ్వల తెలుపు. ఇప్పుడు చాలామంది సీసా రంగులు వాడుతున్నారు, అందులో తప్పు లేదు. కానీ సీసా రంగుల పటానికి ‘సహజ రంగులు’ అని చీటీ అంటించడం తప్పు. ఇంగిలీకం పాదరసపు ఖనిజం, బడిపిల్లల శిబిరాల్లో దాన్ని వాడనీయకండి.

గోడల విషయం వేరు. కొత్త సిమెంటు ప్లాస్టరు మీద కనీసం 28 రోజులు ఆగకుండా రంగు వేస్తే అందులోని క్షారం రంగును తినేస్తుంది. పాత సున్నం గోడ మీద నేరుగా యాక్రిలిక్ వేస్తే పొడి సున్నంతో సహా పొరలుగా ఊడుతుంది. గీకి, కడిగి, ప్రైమర్ వేయాలి. కింది రెండు మూడు అడుగులు నేల చెమ్మ పీల్చి చౌడు తేలే చోటు, అక్కడ ముఖ్యమైన బొమ్మ పెట్టకుండా అంచుపూలు పెట్టండి. పడమటి ఎండ తగిలే గోడ మీద చవక ఎరుపు తొందరగా పాలిపోతుంది. ప్రారంభోత్సవం తేదీ చూసుకుని ప్లాస్టరు ఆరకముందే వేయిస్తే రెండో వానాకాలానికి ఏం మిగులుతుందో మీ ఇంజనీర్లకూ తెలుసు.

మ్యూజియంల వారికి నాలుగు మాటలు. పటాన్ని మడతపెట్టకండి, మడత పడ్డచోటల్లా పూత విరుగుతుంది. లావాటి గొట్టానికి, బొమ్మ బయటి వైపు ఉండేలా, మధ్యలో ఆమ్లం లేని కాగితం పెట్టి చుట్టండి. ప్లైవుడ్‌కు అంటించడం, మెరుపు కోసం వార్నిష్ పూయడం వద్దు. బంకరంగు మీద వార్నిష్ నల్లబడుతుంది, మళ్లీ తీయడం సాధ్యం కాదు. వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనీయకండి. గంజి, చింతగింజల పూత బొద్దింకలకూ వెండిచేప పురుగులకూ విందు, వానాకాలం నెలకోసారైనా విప్పి చూడాలి. కథకులు పాత పటానికి అంత్యక్రియలు చేసి నీళ్లలో వదిలేసే ఆచారం ఉండేది. అందుకే పాతవి తక్కువ మిగిలాయి. 1625 నాటిదని చెప్పే పటం హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో ఉంది. చీటీలో ‘చేర్యాల పటం’ అని రాసి ఊరుకోకండి. ఏ కులం కథ, ఏ కథకులది, ఏ ఊళ్లలో చెప్పింది, ఏ ఘట్టం, ఇవి నాలుగూ రాయండి. 2016 దాకా చేర్యాల వరంగల్ జిల్లాలోదే, పాత చీటీల్లో అలాగే ఉంటుంది, ఇప్పుడు సిద్దిపేట. కులం పేరు ఆ కులంవాళ్లు తమను తాము ఎలా పిలుచుకుంటారో అలాగే రాయండి.

కులవృత్తి బొమ్మ గోడ మీద పెట్టడమంటే ఫలానా పని ఫలానా కులానిదేనని శాశ్వతం చేయడం కాదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ప్రతి బొమ్మకూ కాలం రాయమంటున్నాం, ఇప్పటి పనిని కూడా గీయమంటున్నాం. దొర ముందు వంగి నిలబడ్డ చాకలి, నేల మీద కూర్చున్న మాదిగ వంటి భంగిమలు ఏ పనికీ అక్కర్లేదు, వాటిని చిత్తుగీతలోనే కొట్టేయాలి.

చివరిది డబ్బు. చదరపు అడుగు లెక్కన బిల్లు కడితే చిత్రకారుడు పెద్ద తలకాయలు, ఖాళీ ఎర్ర నేల వేసి గోడ నింపుతాడు. ఆయన్ని తప్పుపట్టలేం, లెక్క అలా ఉంది. గడి లెక్కన, గడిలో ఎందరు మనుషులు, ఎన్ని పనిముట్లు అన్నదాని లెక్కన కట్టండి. టెండరు గెలిచిన ఏజెన్సీ కింద పేరు లేకుండా పని చేసే చేర్యాల నకాషీల పేర్లు గోడ మీద రాయించండి. సందేహం వచ్చినచోట వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని అడగండి, కథకుల కులాల మీద అక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది. ఇక చిత్తుగీత చూడటానికి వచ్చే గీతకారుడు, నేత కార్మికురాలు, కుమ్మరి ఆ రోజు పని మానుకుని వస్తారు. వాళ్లకు ఆ రోజు కూలి, రాకపోకల ఖర్చు ఇవ్వాలి, ఆ పద్దు అంచనాల్లోనే చేర్చాలి.

ఇట్లు,
పటాలూ పనిముట్లూ తెలిసినవాళ్లం,
వరంగల్